మజ్జిగ మీసం

ఫిబ్రవరి 8

చిట్టితల్లి రస్మియ్యాకు,

మీ నాన్న సువైలిం రాసేది. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి, మన్నించు. నేను చదివింది మన ఊరి బడిలో, అదీ మేకలు ఈనని నెలల్లోనే. పెన్ను పట్టుకుంటే వేళ్ళు పాలు పితకడానికి పోతున్నాయి. అర్థం కానిచోట అల్లుణ్ణి అడుగు. ఘాజీకీ అర్థం కాకపోతే వదిలెయ్, అది పెద్ద విషయం అయి ఉండదు.

ఫోనుండగా ఉత్తరమెందుకని అంటావేమో. ఫోను మీ అమ్మ చేతిలో ఉంటుంది. నా దాకా వచ్చేసరికి చెప్పవలసినవన్నీ తనే చెప్పేసి ఉంటుంది. "ఆ, బాగున్నాం" అనడం ఒక్కటే నాకు మిగులుతుంది. నాకు చెప్పాలని ఉన్నది ఒకటుంది. జూరీ పుట్టినప్పుడు మీ అమ్మ అకబాకు వచ్చి మీ ఇంట్లో నలభై రోజులుంది. నేను మేకలతో ఇక్కడే ఉండిపోయాను. నా మనవరాలిని నేనింకా చూడలేదు. ఇదే. ఇది ఫోనులో చెప్పడం నాకు రాలేదు.

ఈ ఏడు కరక్ కొండల మీద వానలు బాగా పడ్డాయి. మేకలు బాగా పాలు ఇస్తున్నాయి. మీ అమ్మ ఆలివ్ నూనెలో మేకపాలు కలిపి సబ్బు చేసింది. "నలభై రోజులూ ఆ పిల్లకి నా సబ్బుతోనే నీళ్ళు పోశాను, వెన్నముద్దలా ఉండేది" అని ఊరంతా చెప్తోంది. ఆరు సబ్బులు బస్సు డ్రైవరు దైఫల్లా చేత పంపుతున్నాను.

మీ నాన్న


ఫిబ్రవరి 19

ప్రియమైన నాన్నకు సలాం.

నాన్నా, మీ ఉత్తరం చూసి నేను ఏడ్చేశాను. కంగారుపడకండి, సంతోషంతోనే. ఘాజీ పరుగెత్తుకుంటూ వచ్చి "ఎవరు పోయారు?" అన్నాడు. "ఎవరూ పోలేదు, మా నాన్న నాలుగు మాటలు మాట్లాడాడు" అన్నాను. అతను నమ్మలేదు. మా పెళ్ళి మాటలప్పుడు రోజంతా ఎదురుగా కూర్చుని మీరు "కాఫీ తీసుకో" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ అనలేదట.

జూరీకి కింద ఒక పన్ను వస్తోంది. రోజంతా చొంగ. నవ్వితే నోరంతా చిగుళ్ళే, అచ్చం మన ముసలి బడిపంతులే.

సబ్బు అందింది. చాలా బాగుంది. పెట్టె తెరిస్తే గది నిండా మన ఇంటి వాసన. అమ్మకి చెప్పండి. ఇవి చాన్నాళ్ళు వస్తాయి, ఇక పంపొద్దు. మీరు ఎప్పుడైనా రండి. ఇది మీ ఇల్లే.

మీ రస్మియ్యా


మార్చి 4

రస్మియ్యాకు,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. "పంపొద్దు" అన్నచోట తను నవ్వింది. "చూశావా, పెళ్ళయ్యాక పిల్లకి మన దగ్గర కూడా మొహమాటం వచ్చింది" అంది. ఆ వారమంతా సబ్బు వండింది. ఇంట్లో నేను కూర్చోవడానికి చోటు లేదు. అరుగు మీద సబ్బు, కిటికీలో సబ్బు, నా మంచం కింద సబ్బు. ఒక బస్తా కట్టి దైఫల్లాకు ఇచ్చాం. అతను "ఏంటి మామా, అకబాలో సముద్రాన్ని కడుగుతారా?" అన్నాడు.

పాలు పితికి, మేకతోలు తిత్తిలో చిలికి, వెన్న తీసి, మిగిలిన దాన్ని ఉండలు చేసి ఎండబెట్టే పని మొదలయింది. ఇక మీ అమ్మకు నిద్ర ఉండదు. నాకూ ఉండదు, ఎందుకంటే తను ఊరుకోదు.

మీ నాన్న


మార్చి 16

రస్మియ్యాకు,

నీ జవాబు రాలేదు. కొన్ని మాటలు మాత్రం వచ్చాయి.

దైఫల్లా బస్తా తెచ్చినప్పుడు నువ్వు ఇంట్లో లేవట. పక్కింటావిడకు ఇవ్వబోతే, "రస్మియ్యా మళ్ళీ ఇచ్చిందా! మొన్నటి ఆరూ అయిపోయాయి, నా చేతులు ఎంత మెత్తబడ్డాయో" అందట. వాడు ఊరికొచ్చి బావి దగ్గర అందరిముందూ చెప్పాడు.

తరవాత మీ అత్త ఫల్హా అకబాలో పెళ్ళి చూసుకుని వచ్చింది. పెళ్ళిలో మన్సఫ్ పళ్ళెం ముందు కూర్చుని నువ్వు ముద్ద ముట్టలేదట. సంచిలోంచి రొట్టె, ఆలివ్ కాయలు తీసుకుని తిన్నావట. అన్నం మీద మాంసం, దాని మీద మన ఎండు పెరుగు ఉండలు కరిగించి పోసిన పులుసు. అది ముట్టని కరక్ పిల్లను తన జన్మలో చూడలేదని మీ అత్త అంది.

మీ అమ్మ పని ఆపి అంతా వింది. తరవాత, "మేకపాలు తాగి పెరిగిన దానికి ఇప్పుడు మేకలు కంపు కొడుతున్నాయి. నా సబ్బు పొరుగింటి చేతులకి, నా పెరుగు పెళ్ళి కుక్కలకి" అంది. ఫోను తీసి గోధుమల డబ్బాలో పెట్టి మూత వేసింది. అది లోపల మోగుతూ ఉంటే మేమిద్దరం వింటూ కూర్చుంటున్నాం.

నేనేమీ అనడం లేదు. జరిగింది రాశాను.

మీ నాన్న


మార్చి 22

నాన్నా,

మూడుసార్లు రాసి చింపాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అమ్మ వెళ్ళాక జూరీ చర్మం పొడిబారింది. మోకాళ్ళ వెనక, మెడ మీద, చెంపల మీద పగుళ్ళు. రాత్రంతా గోక్కునేది. మీరు పంపిన సబ్బు చూసి దీంతో తగ్గుతుందనుకున్నాను. అమ్మ చేతి సబ్బు కదా అని ఎంతో ఆశతో రుద్దాను. ఇంకా నీళ్ళు పోస్తుండగానే ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి, కళ్ళు వాచిపోయాయి. ఘాజీ తువ్వాలులో చుట్టి ఆసుపత్రికి పరుగెత్తాడు. పరీక్షలు చేశారు. జూరీకి పాలు పడవు నాన్నా. ఆవుపాలూ మేకపాలూ గొర్రెపాలూ, ఏవీ పడవు.

డాక్టరమ్మను అడిగాను, పాలు తాగలేదు, ఒంటికి రాశామంతే కదా అని. ఆవిడ ఇలా చెప్పింది: "నోటి గుండా వచ్చినవాణ్ణి ఒళ్ళు మామూలుగా అతిథి అనుకుంటుంది. పగిలిన చర్మం గుండా వచ్చినవాణ్ణి దొంగ అనుకోవచ్చు. ఒకసారి దొంగ అనుకుందంటే తరవాత ఏ దారిన వచ్చినా కర్ర తీస్తుంది. అందుకే ఇలాంటి చర్మమున్న పసిపిల్లల ఒంటికి తినే వస్తువులేవీ పూయకండి." కొట్లో డబ్బాల మీద మేక బొమ్మ, ఒంటె బొమ్మ వేసి "పసిపాపలకు మృదువుగా" అని అమ్మే క్రీములు కూడా వద్దంది. మేక బొమ్మ లేకపోయినా వెనక చిన్న అక్షరాల్లో పాల పొడి, పాల విరుగుడు, కేసీన్ (అదీ పాలదే) అని ఉంటుంది, చదివి కొనమంది. ఇప్పుడు వాసన, రంగు ఏమీ లేని లేపనం ఒకటి రాస్తున్నాం. పగుళ్ళు చాలా తగ్గాయి.

నా పాలు తాగుతోంది కాబట్టి కొన్నాళ్ళు నన్నూ పాలు, పెరుగు మానేసి చూడమంది. అందుకే మన్సఫ్ ముట్టలేదు. ఆ పళ్ళెం ముందు కూర్చుని ఆలివ్ కాయ నములుతుంటే నాకెలా ఉందో అత్తకేం తెలుసు!

ముందే ఎందుకు చెప్పలేదంటారు. అమ్మ నలభై రోజులూ ఆ సబ్బుతోనే పోసింది. దీనికి మొదలు అదేనా అని డాక్టరమ్మని అడిగితే, అవునని చెప్పలేం, కాదనీ చెప్పలేం అంది. ఈ ఒక్క మాట అమ్మకు చదవకండి నాన్నా. మిగిలినదంతా చదవండి.

రస్మియ్యా


ఏప్రిల్ 1

రస్మియ్యాకు,

చదివాను. ఆ మాట వదిలేసి చదివాను. మీ అమ్మకు చదువు రాదు కానీ నా మొహం చదువుతుంది. "అక్కడ ఎందుకు ఆగావు?" అంది. "దగ్గొచ్చింది" అన్నాను. "దగ్గలేదే" అంది. అప్పుడు దగ్గాను.

నీ మాట సగం నమ్మింది. "పాలు పడకపోవడమేంటి, పసిపిల్లలు బతికేదే పాల మీద" అంటోంది. ఫోను మాత్రం డబ్బాలోంచి తీసి గోధుమలు దులిపింది. చెయ్యలేదింకా.

నాకొకటి తోచింది. పిల్లకు పడనివి పాలు. నెయ్యి పాలు కాదు కదా. వెన్నని గోధుమనూకతో కాచి, పాలంతా నూకలోకి దిగిపోయాకే మేము వడకడతాం. అద్దంలా ఉంటుంది. పగుళ్ళకి దానికంటే మంచిది లేదు. ఒక సీసా నేనే తెస్తున్నాను. మేకల్ని నా తమ్ముడు ఔదా చూస్తానన్నాడు. గురువారం బస్సుకు వస్తాను. పిల్లను చూస్తాను.

మీ నాన్న


ఏప్రిల్ 10

రస్మియ్యాకు,

ఇంటికి చేరాను. పిల్ల ఎలా ఉంది?

చెప్పకుండా వచ్చేశాను. పిల్ల చెంప ఎర్రగా లేచింది, నువ్వు లోపల మందు పోస్తున్నావు, ఘాజీ డాక్టరమ్మకి ఫోను చేస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అక్కడ నేను చేయగలిగింది ఏమీ కనపడలేదు. నిలబడితే ఇంకేం ముట్టుకుంటానో అని భయమేసింది. చెప్పులు వేసుకున్నాను.

సీసా గుమ్మంలోనే పట్టుకున్నావు. నేతిలో కూడా పాల నలుసు ఉంటుందన్నావు, సరే అన్నాను. చేతులు మోచేతుల దాకా కడిగించావు, కడిగాను. పొడుగు అంగీ మార్పించావు, ఘాజీది పొట్టిగా ఉన్నా వేసుకున్నాను. అప్పుడు పిల్లను నా చేతుల్లో పెట్టావు. ఒక ముద్దు పెట్టుకున్నాను. అంతే.

మీ దగ్గరికి వచ్చే దారిలో, ఎడారిలో బస్సు ఆగినప్పుడు ఒకాయన చల్లటి మజ్జిగ పోశాడు. దాహంగా ఉండి రెండు గిన్నెలు తాగాను. మూతి చేత్తో తుడుచుకున్నాను. మీసం కడగమని నువ్వు చెప్పలేదు. నాకూ తోచలేదు.

ఇక పిల్ల దగ్గరికి నేను రాను. దూరం నుంచి బాగానే ఉంటాను. బతుకంతా పాలల్లోనే ఉన్నవాణ్ణి. నా చేతులు ఎంత కడిగినా మేక వాసనే.

ఎలా ఉందో రాయి.

మీ నాన్న


ఏప్రిల్ 10

నాన్నా!

ఎక్కడికి పారిపోయారు మీరు? ఘాజీ బస్టాండంతా వెతికాడు, తన అంగీ వేసుకున్న పెద్దాయనని చూశారా అని అందరినీ అడుగుతూ. ఆ అంగీ మోకాళ్ళ దాకే వస్తుంది మీకు, అలాగే ఊరికెళ్ళారా?

ముందు ఇది చదవండి: జూరీ బాగుంది. మందు పోసిన గంటలో అంతా దిగిపోయింది. ఊపిరికి ఇబ్బంది రాలేదు. వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు, ఆ అవసరం పడలేదు.

అది దిగేలోపు మేం చూసిందేమిటో తెలుసా? దాని చెంప మీద మీ మీసం! అచ్చు గుద్దినట్టు, ఎర్రగా, రెండు వైపులా వంకీ తిరిగి. ఎడమ వంకీ మీది కొంచెం పైకి ఉంటుందే, అది కూడా. ఘాజీ ముందు భయపడి, తరవాత నవ్వాపుకోలేక కూలబడ్డాడు. "మీ నాన్న సంతకం పెట్టి వెళ్ళాడు" అన్నాడు. ఫొటో తీసి డాక్టరమ్మకు చూపించాం. ఆవిడకి కూడా నవ్వొచ్చింది. మజ్జిగ తాగిన మూతితో ముద్దు పెడితే ఇలా రావడం మామూలేనట. చాలామంది తాతలు ఇలా దొరికిపోయారట.

అమ్మ ఫోను ఎత్తడం లేదు, ఆ ఫొటో మాత్రం దానికే పంపాను. చూపించమనండి.

మీరు మళ్ళీ రావాలి. రాకపోతే మేమే వస్తాం.

రస్మియ్యా


ఏప్రిల్ 20

రస్మియ్యాకు,

దేవుడు చల్లగా చూశాడు. నీ ఉత్తరం చదివాక అన్నం తిన్నాను.

ఫొటో మీ అమ్మ చూసింది. చాలాసేపు చూసింది. ఒకసారి ఫోను వైపు, ఒకసారి నా మొహం వైపు. తరవాత నేల మీద కూర్చుని నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. "నువ్వే, నువ్వే! డెబ్భై ఏళ్ళొచ్చి చిన్నపిల్ల చెంప మీద మీసం మొలిపించావు" అంది. ఫల్హాను పిలిచి చూపించింది. బావి దగ్గర కూడా చూపించింది. ఊళ్ళోవాళ్ళు ఇప్పుడు నన్ను చూసి మూతి తుడుచుకుంటున్నారు. బయటికి పోవడానికి సిగ్గుగా ఉంది.

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంది. అప్పుడు, "ఆ రోజు నువ్వు దగ్గింది దేనికో నాకు తెలిసింది. నా సబ్బే కదా?" అంది. నాకు అబద్ధానికి నోరు తిరగలేదు. ఎవరూ చెప్పలేరట అన్నాను. అది నిజమే కదా.

ఆ రోజు తిత్తి ఊపలేదు. మర్నాడు పాలు కాచే పెద్ద కుండ బయటపెట్టి ఇసకతో తోమింది, మళ్ళీ తోమింది. ఆ తరవాత ఔదా పెళ్ళాన్ని పిలిచి, "మే మొదటి వారం మా పాలన్నీ మీ ఇంటికి తోలుతాను. చిలుకుతావో పారబోస్తావో నీ ఇష్టం" అంది. ఉండలు చేసే కాలంలో ఇంట్లో చిలకడం ఆపడం నేను చూడలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా తిత్తి ఆగలేదు.

"పిల్లని తీసుకురమ్మని రాయి" అంది. రాశాను. భయమైతే రావద్దు. నేను ఏమీ అనుకోను.

మీ నాన్న


ఏప్రిల్ 27

నాన్నా, అమ్మకు కూడా,

వస్తున్నాం! శుక్రవారం. మందు సంచిలో ఉంటుంది, కరక్ ఆసుపత్రి మీ ఇంటికి ఎంత దూరమో ఘాజీ కనుక్కున్నాడు, డాక్టరమ్మ సరేనంది.

అమ్మా, నువ్వు కుండ తోమావని చదివి నాకు నిద్ర పట్టలేదు. నీ సబ్బు మంచిదే. పెద్దవాళ్ళకి. ఇక్కడ పక్కింటావిడ చేతులే సాక్ష్యం, రోజూ వచ్చి "ఇంకా ఉందా?" అంటోంది. నీ మనసులో బరువుంటే ఇంకొకటి విను. ఇలాంటి చర్మం వంశంలో వస్తుందట. ఎవరి వంశమో అడుగు. ఘాజీ చిన్నప్పుడు గోక్కుంటూనే పెరిగాడట, వాళ్ళ నాన్నకు ఉబ్బసం. మా అత్తగారే ఒప్పుకుంది.

రస్మియ్యా


మే 13

రస్మియ్యాకు,

మీరు వెళ్ళి వారమయింది. నా రాత ఇంకా వంకరే, ఏమనుకోకు.

ఘాజీ వంశం మాట విన్నప్పటి నుంచి మీ అమ్మ నడక మారింది. అల్లుడికి మూడు రోజులూ రెట్టింపు మాంసం వడ్డించింది చూశావా, అది ప్రేమ కాదు, గెలుపు.

మీరున్నప్పుడు జరిగినవి కొన్ని నీకు తెలియవు. శనివారం ఊరి పెద్దలు వచ్చారు, అలవాటు చొప్పున మజ్జిగ అడిగారు. మన ఇంట్లో అతిథి అడిగింది లేదనడం ఎప్పుడూ లేదు. మీ అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఈ మూడు రోజులు నల్ల టీ మాత్రమే. మీకంటే పెద్ద అతిథి లోపల ఉంది" అంది. వాళ్ళు టీ తాగారు. వెళ్ళేముందు మూతులు కడుక్కుని వచ్చి, పిల్లను దూరం నుంచి చూస్తామని వరసగా నిలబడ్డారు.

నన్ను రోజూ గుమ్మంలో ఆపి మీ అమ్మ నా మీసం వాసన చూసేది నీకు తెలుసు. నవ్వావు. వారం ముందు నుంచే నాకు ఒక్క చుక్క మజ్జిగ పోయలేదు. మీసం తీసెయ్యమంది కూడా. అది మాత్రం కుదరదన్నాను. నేను కుదరదన్న మాట మా పెళ్ళయ్యాక అదే మొదటిది.

ఇప్పుడు నీకు చెప్పనిది చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం నువ్వూ ఘాజీ నిద్రపోయారు. మీ అమ్మ నీళ్ళకు వెళ్ళింది. పిల్ల లేచింది. నేను దూరంగా కూర్చున్నాను, అనుకున్నట్టే. అది పాకుతూ వచ్చింది. నేను వెనక్కి జరిగాను. అది ఇంకా వచ్చింది. గోడ తగిలింది నాకు, ఇక జరగడానికి లేదు. నా అంగీ పట్టుకుని పైకి లేచి, రెండు చేతులతో మీసం పట్టుకుంది. గట్టి పట్టు, పితికే చెయ్యి అవుతుంది. పట్టుకుని, ఎడమ వంకీ నోట్లో పెట్టుకుంది.

అరవాలనుకున్నాను. అరిస్తే అది బెదురుతుంది. లాగితే ఏడుస్తుంది. కదలకుండా కూర్చుని దాని చెంపే చూస్తున్నాను. మూతి చుట్టూ చూస్తున్నాను. కిటికీ ఎండ చాపమీది నుంచి గోడ మీదికి వెళ్ళింది. ఎరుపు రాలేదు. ఏమీ రాలేదు. అది నములుతూ, చొంగ నా గడ్డం మీద కారుస్తూ, మధ్యలో ఆగి నా మొహం చూసి నవ్వుతూ, మళ్ళీ నమిలింది. తరవాత నా భుజం మీదే పడుకుంది. మీ అమ్మ వచ్చి గుమ్మంలో బిందె పట్టుకుని నిలబడిపోయింది. చూసి, మళ్ళీ బావికి వెళ్ళింది. బిందె నిండుగానే ఉంది.

వచ్చే ఏడు ఆసుపత్రివాళ్ళు తమ కళ్ళముందే కొంచెం పాలు పట్టి చూస్తామన్నారు కదా. పడినా పడకపోయినా నాకు ఫరవాలేదు. ఇంట్లో మాత్రం మీరు సొంతంగా పట్టి చూడకండి. ఘాజీకి తొందర ఎక్కువ, చెప్పు.

ఒక ఇబ్బంది వచ్చింది. మీరు వెళ్ళినా మీ అమ్మ చిలకడానికి తిత్తి దించడం లేదు. "ఇల్లు శుభ్రంగా ఉంది, పిల్ల వాసన ఉంది, ఇంకొక్క రోజు" అంటోంది. రోజూ అదే అంటోంది. మళ్ళీ ఎప్పుడొస్తారో నువ్వు రాస్తే అప్పుడు మొదలుపెడుతుందట. ఔదా పెళ్ళాం చేతులు నొప్పులంటోంది, వాళ్ళ ఇంట్లో గిన్నెలన్నీ నిండాయి. త్వరగా జవాబు రాయి తల్లీ, పాలు విరిగిపోతున్నాయి.

మీ నాన్న
సువైలిం